ఆసియా క్రీడలు – ఆతిథేయుని వాకిలి

బహుదేశీయ క్రీడోత్సవమును తన గడ్డమీద జరుపుకొనవలెనని ఒక రాజ్యము కోరుకొనునప్పుడు, ఆ కోరిక వెనుక కీర్తికాంక్ష యుండును, రాజధానిని తీర్చిదిద్దుకొనుటకు దొరకిన వంక యుండును, ఇరుగుపొరుగు రాజ్యముల నడుమ తన పీటను కొంత ముందునకు జరుపుకొనవలెనను ఉద్దేశమును ఉండును. వీనిలో నేదియు నిందింపదగినది కాదు. కాని ఆ రాజ్యము సంతకము చేసి పుచ్చుకొనునది క్రీడారంగములను కట్టు హక్కుకంటె, పదునైదు దినములపాటు తన సరిహద్దు ద్వారమున తన యిష్టానిష్టములను వదలుకొను బాధ్యత యను సంగతి మాత్రము ఉత్సాహపు సందడిలో మఱుగున పడుచుండును. పెండ్లి మన యింట జరుగుచున్నను శుభలేఖలు పంచువారు వేఱొకరైనప్పుడు, ఏండ్లతరబడి మాటలు లేని దాయాదియు పందిటిలోనికి వచ్చి కూర్చుండును. అతనికి విస్తరి వేయుట కిష్టములేనివాడు ఇల్లు ఈయజాలనని ముందుగానే చెప్పవలసినది.

ఆసియా క్రీడల చరిత్రను వ్రాసినవారు సాధారణముగా పతకముల పట్టికలను, పరుగుపందెముల కాలమానములను పేర్చుకొనుచు పోయిరి. ఆ పట్టికలను కొంతసేపు పక్కన నుంచి, ఏ యేట ఎవరిని రానిచ్చిరి, ఎవరిని వాకిట నిలిపివేసిరి, ఎవరు తమంతట తామే మొగము తిప్పుకొనిపోయిరి అని చూచినచో, ఈ ఖండపు రాజకీయ చరిత్రయే వేఱొక మార్గమున మనకు లభించును. ఈ వ్యాసమున నేను చేయబూనినది ఆ పరిశీలనము; ఇందులో జకార్తాకు పెద్దపీట వేయుటకు కారణము ముందు ముందు తెలియగలదు.

ఈ జాడ్యము ఆసియా క్రీడలతోనే పుట్టినది కాదు. 1913లో ఫిలిప్పీన్సు, చైనా, జపాను కలిసి మనీలాలో ఆరంభించిన దూరప్రాచ్య క్రీడోత్సవములు ఇరువదియేండ్లకు పైగా సాగి, 1934లో మరల మనీలాలోనే ముగిసినవి. ఆటగాండ్రు లేక కాదు, ధనము లేక కాదు. జపాను సేనలు మంచూరియాలో 1932లో నిలిపిన మంచుకువో రాజ్యమునకు ఈ క్రీడలలో చోటీయవలెనని జపాను పట్టుపట్టగా, ఆ భూమి తనదని చైనా లేచిపోయెను, సంఘము చీలిపోయెను. 1938లో ఒసాకాలో జరుగవలసిన క్రీడలు యుద్ధమున కలిసిపోయినవి. అదే 1934లో ఢిల్లీ, పటియాలా నగరములలో భారతదేశము, అఫ్ఘనిస్తానము, సింహళము, పాలస్తీనా పాల్గొనగా జరిగిన పశ్చిమాసియా క్రీడలు ఆ ఒక్కమారుతోనే సరి.

స్వాతంత్ర్యమునకు కొన్ని నెలల ముందు, 1947 వసంతమున, ఢిల్లీలో ఆసియా సంబంధముల మహాసభ జరిగిన నాళ్ల ఉత్సాహమే ఆసియా క్రీడలకు ప్రాణము పోసినది. లాహోరు ప్రభుత్వ కళాశాలకు అధ్యక్షుడుగా పనిచేసిన గురుదత్ సోంధీ, 1948 లండను ఒలింపిక్ క్రీడల సమయమున ఆసియా ప్రతినిధులను కూడగట్టి, మరుసటి యేడు ఫిబ్రవరిలో ఢిల్లీలో ఆసియా క్రీడా సమాఖ్యను నిలబెట్టెను. పటియాలా మహారాజు యాదవీంద్ర సింగు దాని ప్రథమాధ్యక్షుడు. 1950లో జరుగవలసిన క్రీడలు ఒక సంవత్సరము వెనుకబడి, 1951 మార్చి 4 మొదలు 11 వఱకు, అంతకుముందు ఇర్విను పేర నుండిన నేషనల్ స్టేడియమున జరిగినవి. వచ్చినవి 11 దేశములు, ఆడినవారు 489 మంది. అప్పుడు ఢిల్లీ చేసిన యొక సత్కార్యమునకు దక్కవలసినంత మన్నన దక్కలేదని నాకు తోచును. 1948లో లండను పిలువని జపానును, విజేతల సైన్యము ఇంకను తన నేలపై నుండగానే, శాంతిసంధి కుదురుటకు ఆరునెలలు ముందే, ఢిల్లీ పిలిచెను. జపాను వచ్చి అందరికంటె ఎక్కువ స్వర్ణపతకములను గెలుచుకొనిపోయెను, భారతదేశము రెండవ స్థానమున నిలిచెను. ఆతిథేయుడు తన వాకిలిని లోకము తెఱచినదానికంటె విశాలముగా తెఱచిన సందర్భములు మిక్కిలి తక్కువ. అయినను, సమాఖ్య స్థాపకులలో ఒకటైన పొరుగింటి పాకిస్తాను మాత్రము ఆ వాకిటికి రాలేదు.

ఇక జకార్తా. 1958లో టోక్యోలో సమాఖ్యవారు నాలుగవ క్రీడల భారమును ఇండోనేషియాకు ఒప్పగించునాటికి ఆ దేశము డచ్చివారి చేతులనుండి విడివడి పదియేండ్లు కూడ నిండలేదు. అధ్యక్షుడు సుకర్ణో స్వయముగా శిల్పవిద్య చదివిన ఇంజనీరు. ఆయనకు రాజధానీ నగరమనగా ఇటుకలతోను ఉక్కుతోను చేసిన ఉపన్యాసము. సెనయానులో లక్షమంది కూర్చుండదగిన మహాక్రీడారంగమునకు 1960 ఫిబ్రవరిలో పునాది పడెను. సోవియట్ ప్రభుత్వము ఒక కోటి ఇరువదియైదు లక్షల డాలర్ల ఋణమిచ్చెను. జపాను యుద్ధపరిహారపు సొమ్ముతో హోటల్ ఇండోనేషియా లేచెను. దేశపు తొలి టెలివిజన్ ప్రసారములు ఈ క్రీడలకొఱకే ఆరంభింపబడెను. సెనయానులో తరతరాలుగా కాపురమున్న కుటుంబములను లేవదీసి తెబెతు మున్నగు చోట్ల నిలిపిన సంగతి ఆనాటి ఘనకార్యముల జాబితాలలో పొట్టి యక్షరములలో నుండును. పశ్చిమ ఇరియానుకొఱకు డచ్చివారితో నడచిన కలహము కూడ క్రీడలకు తొమ్మిది దినములకు ముందు, 1962 ఆగస్టు 15న, ఒక ఒప్పందమునకు వచ్చెను. ఇంతటి శుభలగ్నమున క్రీడలు ఆరంభము కావలసియుండగా రెండు దేశముల ప్రవేశపత్రముల తగవు వచ్చిపడెను.

సమాఖ్యలో ఇజ్రాయేలును సభ్యదేశమే, తైవానును సభ్యదేశమే. ఇండోనేషియాకు ఈ రెంటితోను దౌత్యసంబంధములు లేవు. చైనా ప్రజారాజ్యముతో స్నేహము, అరబ్బు రాజ్యములతో స్నేహము మాత్రము మెండుగా కలవు. పిలుతుమని పైకి చెప్పుచునే, ఆ రెండు దేశముల ఆటగాండ్రకు పంపవలసిన గుర్తింపుపత్రములను ఆతిథేయులు పంపక కాలము గడిపిరి. పెట్టెలో వచ్చినవి తెల్లకాగితములే యని అప్పట్లో చెప్పుకొన్న కథయు కలదు. క్రీడలు 24 ఆగస్టున మొదలయ్యెను. ఇజ్రాయేలు జట్టు రాలేదు, తైవాను జట్టు రాలేదు. రానీయమని ముందే చెప్పియుండినచో అది నిక్కచ్చియైన శత్రుత్వము. రమ్మని చెప్పి దారిలో పత్రములను మాయము చేయుట వేఱొక జాతికి చెందిన పని. రాజ్యముల నడుమ నుండునట్టి వైరమునుకాక ఈ వంచననే నేను జకార్తామీద ప్రధానమైన ఆక్షేపణగా ఎన్నుదును.

అప్పుడు లేచినవాడు సోంధీ. అంతర్జాతీయ ఒలింపిక్ సంఘ సభ్యుడుగా, సమాఖ్యను పెంచిన చేతులు తనవే యైనవాడుగా, సభ్యదేశములను వెలివేసిన ఈ క్రీడలకు ఆసియా క్రీడలను పేరు చెల్లదని ఆయన వాదించెను. అంతర్జాతీయ వ్యాయామక్రీడా సంఘము, బరువులెత్తు పోటీల సంఘము కూడ గుర్తింపు ఉపసంహరింతుమని బెదిరింపగా, బరువులెత్తు పోటీలు మానుకొనవలసివచ్చెను. న్యాయము సోంధీ పక్షమున నున్నదనుటలో సందేహము లేదు. అయితే ఈ కథలోని విచిత్రమును గమనింపుడు: ఆయన ఏ రెండు దేశముల హక్కులకొఱకు పోరాడుచుండెనో ఆ రెంటితోను ఆయన సొంత ప్రభుత్వమునకే రాయబార సంబంధములు లేవు. ఇజ్రాయేలును ఢిల్లీ గుర్తించెనేగాని రాయబారిని పంపలేదు, తైవానునైతే గుర్తింపనేలేదు. నిబంధన అనునది ఇష్టులకును అనిష్టులకును ఒక్కటే యని నమ్మిన ఆ వృద్ధుని మాట, జకార్తా వీథులలో మాత్రము ఒక భారతీయుని మాటగా, అంతకుమించి భారతదేశపు మాటగా వినబడెను. ఆయన మాటకు తన బాధ్యత లేదని భారత ప్రభుత్వము చెప్పినను వినువారు లేకపోయిరి. 1962 సెప్టెంబరు 3న ఒక గుంపు భారత రాయబార కార్యాలయముమీద పడి అద్దములు పగులగొట్టెను. ఆ దినముననే సోంధీ నగరము విడిచిపోయెను.

దాని ఫలమును అనుభవించినవారు, ఈ వివాదముతో ఏ సంబంధమును లేని పదునొకండుగురు బాలురు. మరునాడే పాదకందుక క్రీడలో అంతిమపోటీ. భారతజట్టునకు శిక్షకుడు మన హైదరాబాదు వాడైన సయ్యద్ అబ్దుల్ రహీము. ఈయన 1951లో ఢిల్లీలో స్వర్ణము తెచ్చిన జట్టును తీర్చినవాడే. జకార్తాకు వచ్చునాటికి శరీరమున కాన్సరు వ్యాధి ప్రవేశించియుండెను. మరు సంవత్సరము జూనులో ఆయన మరణించెను. సికిందరాబాదు బాలుడైన తులసీదాసు బలరాముడును, హైదరాబాదునకు చెందిన యూసుఫ్ ఖానును ఆ జట్టులో నుండిరి. పోటీ దక్షిణ కొరియాతో. తొలి లీగు పోటీలో రెండు గోల్స్ తేడాతో మనలను ఓడించినదే ఆ జట్టు. లక్షమంది ప్రేక్షకులు మన జాతీయగీతము మ్రోగుచుండగనే ఊళలు వేసిరి, బంతి మనవారి కాలికి తగిలినప్పుడెల్ల ఎగతాళి చేసిరి. అంతకుముందే తలకు గాయమై కుట్లు పడిన రక్షకుడు జర్నైలు సింగును రహీము ముందువరుసకు పంపెను. ప్రదీపు కుమారు బెనర్జీ ఒకటి, జర్నైలు ఒకటి కొట్టిరి, పోటీ ముగియుటకు కొన్ని నిమిషముల ముందు కొరియా ఒకటి తిరిగి కొట్టెను, 2–1. ఆ తరువాత నేటివఱకు ఆసియా క్రీడలలో ఆ స్వర్ణపతకము మన పాదకందుక జట్టునకు తిరిగి రాలేదు. ఆ గెలుపును శౌర్యగాథగా చెప్పుకొనుట మనకు అలవాటైపోయినది, చెప్పుకొనవలసినదే. కాని క్రీడాకారుని శత్రురాజ్యపు ప్రతినిధిగా చూచు జనసమూహము ఒక్క జకార్తాలోనే పుట్టినదని మనము భ్రమపడరాదు. అటువంటి ఊళలు మన క్రీడారంగములలోనుండియు, పొరుగుదేశపు జట్టు వచ్చినపుడు, విన్నవారు మనలో నున్నారు.

1963 ఫిబ్రవరిలో ఒలింపిక్ సంఘము ఇండోనేషియాను నిరవధికముగా సస్పెండు చేసెను. సుకర్ణో వెనుకకు తగ్గలేదు. క్రీడలు రాజకీయమునకు అతీతమను మాట పచ్చి అబద్ధమనియు, ఒలింపిక్ సంఘమే సామ్రాజ్యవాదుల రాజకీయపు పనిముట్టనియు, కాబట్టి క్రొత్తగా లేచుచున్న శక్తులకు తమ క్రీడలు తమకే యుండవలెననియు ఆయన ప్రకటించెను. అట్లు పుట్టినదే గనెఫో; క్రొత్తగా ఉద్భవించు శక్తుల క్రీడలని దాని అర్థము. అదే సెనయానులో 1963 నవంబరు 10 మొదలు 22 వఱకు అవి జరిగినవి; సుమారు 50 దేశములనుండి సుమారు 2,700 మంది వచ్చిరి. ఖర్చులో గొప్పభాగమును చైనా భరించెను. చైనాకు ఒలింపిక్ వేదిక వెలుపల అంతటి వేదిక దొరకుట అదే మొదలు. సోవియట్ దేశము మాత్రము ఇరుపక్షములను చెడగొట్టుకొనక, ఒలింపిక్ అర్హతకు భంగము రానట్టి ద్వితీయశ్రేణి ఆటగాండ్రను పంపి మర్యాద దక్కించుకొనెను. పెద్దరాజ్యముల నేర్పు ఇట్టిదే.

సుకర్ణో వాదమును తేలికగా కొట్టివేయువారు కలరు. నేను వారిలో ఒకడను కాను. క్రీడలకు రాజకీయము అంటదని పదేపదే చెప్పిన ఒలింపిక్ సంఘమే, 1948లో జపానును, జర్మనీని పిలువకపోవుట రాజకీయము కాక మఱేమి? తైవానులోని ప్రభుత్వమును చైనా పేరుతో కూర్చుండబెట్టగా 1958లో బీజింగు లేచిపోయినది. అది రాజకీయము కాదా? లోకపు సంఘములలోని సభ్యత్వములు సంపన్న దేశముల మనుష్యులు తమలో తాము పంచుకొన్నవి కావా? ఈ మూడు ప్రశ్నలకును సంఘమునొద్ద తగిన సమాధానము లేదు. అయినను సుకర్ణోకు లొంగని ప్రశ్న ఒకటి కలదు. రాజకీయము ప్రతి వాకిటను ఉన్నదని అంగీకరించినంతమాత్రమున, ఒప్పుకొన్న వాగ్దానమును తప్పుటకు అనుమతి లభించినట్లగునా? వ్యవస్థ అన్యాయమైనదని చెప్పి వెలికివచ్చి గనెఫో పెట్టుటలో ధైర్యము కలదు, నిజాయితీ కలదు; ఆ వ్యవస్థ ఇచ్చిన గౌరవమును అనుభవించుచు దాని షరతును దాటవేయుటలో ఆ రెండును లేవు. 1963 సుకర్ణోను సమర్థింపవచ్చును. 1962 సుకర్ణోను సమర్థింపజాలము.

గనెఫోవలన నష్టపడినవారు మరల ఆటగాండ్రే. అందులో పాల్గొన్న పరుగు, ఈత పోటీలవారికి ఒలింపిక్ ద్వారము మూయబడెను. 1964 అక్టోబరులో టోక్యోకు వచ్చిన ఉత్తర కొరియా జట్టు, ఇండోనేషియా జట్టు, ఆటలు మొదలు కాకుండగనే తిరుగుముఖము పట్టినవి. 400, 800 మీటర్ల పరుగులలో అప్పటికే ప్రపంచములో సాటిలేనిదని పేరుపొందిన ఉత్తర కొరియా యువతి సిన్ కిం దాన్ వారిలో నొకతె. యుద్ధకాలమున దక్షిణమునకు పోయి అక్కడనే నిలిచిపోయిన తండ్రి ఆమెను చూచుటకు టోక్యోకు వచ్చెను. కొన్ని నిమిషములు మాత్రము ఇరువురును కలిసికొనిరి, పిదప ఆమె జట్టుతో రైలెక్కెను. ఆమె పరుగుకొఱకు టోక్యోలో ఎదురుచూచినవారి సంఖ్య స్వల్పము కాదు. రెండవ గనెఫో 1967లో కైరోలో జరుగవలసినది జరుగలేదు. అప్పటికి సుకర్ణో అధికారమే జారిపోయినది.

దీని తరువాతి ఇరువదియేండ్ల కథను బాంకాకు నగరమే మోసినదనుట అతిశయోక్తి కాదు. 1966లో క్రమముగా తన వంతు జరుపుకొన్న ఆ నగరము, 1970 క్రీడలను సియోలు ఉత్తరపు బెదిరింపులను, ధనభారమును చూపి విడిచిపెట్టగా మరల ఎత్తుకొనెను; 1978 క్రీడలను మొదట సింగపూరు, పిదప ఇస్లామాబాదు వదలుకొనగా మూడవమారు ఎత్తుకొనెను. ఎవరితోను గట్టిపగలేని దేశమునకు ఈ ఖండమున ఆతిథ్యము తరచుగా దక్కుట గమనింపదగిన విషయము. నడుమ 1974లో టెహరానులో చైనా ప్రజారాజ్యము తొలిసారి ప్రవేశించెను, తైవాను వెలుపలికి పోయెను. ఇజ్రాయేలు వచ్చెను గాని అనేక జట్లు దానితో ఆడనొల్లక పోటీలను వదలుకొనెను. పాదకందుకపు అంతిమపోటీ ఇరానునకును ఇజ్రాయేలునకును నడుమ జరిగి ఇరాను 1–0తో గెలిచెనని నేడు చెప్పినచో నమ్ముటయే కష్టము. అదే ఇజ్రాయేలునకు కడపటి ఆసియా క్రీడ. 1978లో రక్షణవ్యయమును మిషగా చూపి దానిని పిలువలేదు. 1982 నవంబరులో ఢిల్లీలో పాత సమాఖ్య స్థానమున ఆసియా ఒలింపిక్ మండలి ఏర్పడినప్పుడు సభ్యుల జాబితాలో దాని పేరే లేదు. అనగా, జకార్తాలో ఆతిథేయుడు దొంగచాటుగా చేసిన పనిని, ఇరువదియేండ్లకు సంస్థయే బహిరంగముగా, నిబంధనల భాషలో చేసెను. ఇజ్రాయేలు క్రీడాకారులు పిమ్మట ఐరోపా పోటీలలో చేరిరి. ఖండముల సరిహద్దులు భూగోళశాస్త్రజ్ఞుల చేతిలో మాత్రమే లేవని దీనివలన తేలుచున్నది.

ఇంతవఱకు చెప్పినది వెలుపలి వాకిలి. ఆతిథ్యమునకు లోపలి వాకిలి ఒకటి కలదు; దానిగుండ పోవలసినవారు విదేశీయులు కారు, స్వదేశీయులు. 1982 నవంబరు 19న ఆరంభమైన ఢిల్లీ ఆసియా క్రీడలకు 33 దేశములు వచ్చినవి. జవహర్‌లాల్ నెహ్రూ క్రీడారంగము, ఇంద్రప్రస్థ ఇండోర్ స్టేడియము, ఆటగాండ్ర నివాసములు, మేలువంతెనలు, రంగుల టెలివిజన్, అప్పు అను ఏనుగుపిల్ల – ఇవి ఆనాటి పిల్లలకు, నేటి నడివయస్కులకు తీయని జ్ఞాపకములు. వానిని కట్టిన కూలీలు రాజస్థానమునుండి, ఉత్తర ప్రదేశమునుండి, ఒరిస్సానుండి వచ్చినవారు. రోజునకు 9 రూపాయల 25 పైసలు చట్టము నిర్ణయించిన కనీసవేతనము. ఒక రూపాయిని జమాదారు తన వంతుగా కోసికొనగా కూలి చేతికి వచ్చినది 8 రూపాయల 25 పైసలు. పీపుల్స్ యూనియన్ ఫర్ డెమొక్రటిక్ రైట్స్ వారు ఈ సంగతిని ఒక లేఖగా న్యాయమూర్తి పి. ఎన్. భగవతికి పంపగా, సుప్రీంకోర్టు ఆ లేఖనే అర్జీగా స్వీకరించి, కనీసవేతనమునకు తక్కువ కూలికి పని చేయించుట రాజ్యాంగపు 23వ అధికరణము నిషేధించిన వెట్టిచాకిరియే యగునని, క్రీడలకు రెండు నెలల ముందు, సెప్టెంబరు 18న తీర్పు చెప్పెను. ఆ క్రీడోత్సవమునుండి దేశమునకు మిగిలిన వానిలో మేలువంతెనలకంటె, పతకములకంటె, నిలువదగినది ఈ తీర్పని నా యభిప్రాయము. అంతేకాదు, అదే ఋతువులో అకాలీలు ఢిల్లీలో ఆందోళనము చేయుదురని భయపడి, పంజాబునుండి రాజధానికి హర్యానా మీదుగా పోవు రహదారులలో సిక్కులను ఆపి తనిఖీ చేసిరి. సైన్యమున ఉన్నతపదవులు వహించి విశ్రాంతి పొందినవారికిని ఆ యవమానము తప్పలేదు. విదేశీ జట్లకు పూలమాలలు వేయుచున్న దినములలోనే తన దేశపు పౌరుని తలపాగాను అనుమానింపగల ప్రభుత్వము, ఆతిథ్యమున ఉత్తీర్ణమైనదని ఎట్లు చెప్పగలము? దాని పర్యవసానము రెండేండ్లలోనే దేశము చూచినది. ఒక్క తనిఖీలవలననే అది వచ్చెనని నేననను, కాని ఆ గాయములలో ఇదియు నొకటి.

మన ప్రాంతమునకు సంబంధించిన ముచ్చట ఒకటి ఇక్కడ చెప్పి సాగుదును. ఢిల్లీలో జరుగవలసియుండి పలుమార్లు వాయిదాపడిన ఆఫ్రో–ఆసియా క్రీడలు చివరకు హైదరాబాదునకు వచ్చి, 2003 అక్టోబరు 24న మొదలయ్యెను. అంతకు మూడువారముల ముందే, అక్టోబరు 1న, అలిపిరివద్ద ముఖ్యమంత్రి కారుమీద బాంబుదాడి జరిగియుండెను. ఆయన గాయములతో బయటపడెను, క్రీడలు జరిగెను, గచ్చిబౌలిలో ముందటి యేడు జాతీయ క్రీడలకొఱకు కట్టిన క్రీడారంగములు మరల నిండెను. అల్జీర్సులో జరుగవలసిన రెండవ ఆఫ్రో–ఆసియా క్రీడలు మాత్రము ఎన్నడును జరుగలేదు. గచ్చిబౌలి రంగములు మిగిలినవి, వానిచుట్టు నగరము పెరిగినది. అంతకుమించి చెప్పవలసినది లేదు.

కొరియాలో కథ వేఱు దారి పట్టినది. 1986లో సియోలు క్రీడలను ఉత్తర కొరియా బహిష్కరించెను. ప్రారంభమునకు ఆరు దినముల ముందు గింపో విమానాశ్రయమున బాంబు పేలి ఐదుగురు మరణించిరి. ఆ క్రీడలకే చైనా, దక్షిణ కొరియాతో దౌత్యసంబంధములు లేకపోయినను, జట్టును పంపెను. రాయబారులు అటుపిమ్మట ఆరేండ్లకు గాని రాలేదు. 2002లో బుసాను క్రీడలకు ఉత్తర కొరియా జట్టు దక్షిణపు గడ్డమీద కాలుపెట్టెను. ఉత్సాహపఱచుటకు వచ్చిన యువతులు ఓడలో దిగి ఓడలోనే బస చేసిరి. 2018లో జకార్తా–పాలెంబాంగు క్రీడలలో ఉభయ కొరియాల మహిళలు ఒకే జట్టుగా డ్రాగన్ పడవను నడిపి స్వర్ణము గెలిచిరి. ఈ వృత్తాంతములను చూచి క్రీడలే శాంతిని తెచ్చునని సంబరపడువారు ఒక్క విషయము మఱువరాదు: ప్రభుత్వములు దగ్గఱకు రావలెనని ముందే నిశ్చయించుకొన్న ఋతువులలోనే జట్లు దగ్గఱకు వచ్చినవి. వాకిలి తెఱచునది ప్రభుత్వమే. క్రీడ ఆ తెఱచిన వాకిటిని లోకమునకు చూపును.

2023 శరత్కాలమున హాంగ్‌జౌలో, ఒక సంవత్సరము ఆలస్యముగా, పందొమ్మిదవ ఆసియా క్రీడలు జరిగినప్పుడు జకార్తాలోని పాతవిద్య మరింత మెఱుగులు దిద్దుకొని కనబడెను. అరుణాచల ప్రదేశమునకు చెందిన ముగ్గురు వుషూ క్రీడాకారిణులకు మిగిలిన జట్టువలె అనుమతి లభింపలేదు. ఆ ప్రదేశము తనదని చైనా చేయు వాదమునకు అనుగుణముగా, అంతకుముందు జూలైలో చెంగ్డూ విశ్వవిద్యాలయ క్రీడలకు ఆ ముగ్గురికి పాస్‌పోర్టులో ముద్రకు మారుగా విడికాగితమును పిన్నుతో కుట్టి వీసా ఇయ్యగా, భారతదేశము తన వుషూ జట్టునంతటిని వెనుకకు పిలిపించియుండెను. హాంగ్‌జౌలోనో, వారికి వీసా ఇచ్చితిమి, వారే పుచ్చుకొనలేదు అని మండలి పెద్దలలో ఒకరు సెలవిచ్చిరి. భారత క్రీడామంత్రి తన ప్రయాణమును రద్దుచేసికొనెను, ముగ్గురు యువతులు ఇంటనే నిలిచిరి, క్రీడలు జరిగిపోయెను. అప్పుడు మండలికి తాత్కాలికాధ్యక్షుడు భారతీయుడైన రాజా రణధీర్ సింగు, 1949లో సమాఖ్యను ఏలిన పటియాలా వంశమువాడే. 1962లో వలె క్రీడల పేరును తొలగింపవలెనని సభలో లేచిన సోంధీ హాంగ్‌జౌలో ఎవరును లేరు.

ఈ విషయమున మనము అన్యులను మాత్రమే తప్పుపట్టజాలము. 2019 ఫిబ్రవరిలో పుల్వామా దారుణము జరిగిన కొలది దినములకే ఢిల్లీలో జరిగిన ప్రపంచకప్ గుఱిపోటీలకు రావలసిన ఇద్దరు పాకిస్తాను గుఱికాండ్రకు భారతదేశము వీసాలు ఇయ్యలేదు. ఆగ్రహమునకు కారణమున్నది, నలుబదిమంది జవానుల మరణము చిన్నవిషయము కాదు. అయినను ఒలింపిక్ సంఘము తక్షణమే భారతదేశముతో భవిష్యత్ క్రీడోత్సవముల సంప్రదింపులను నిలిపివేసెను. అర్హతగల ప్రతి క్రీడాకారుని రానిత్తుమని ప్రభుత్వము వ్రాతమూలకముగా హామీ యిచ్చిన పిదపనే, జూనులో, ఆ నిలుపుదలను ఎత్తివేసెను. 1963లో జకార్తామీద ప్రయోగించిన ఆయుధమే ఇది. 2025 అక్టోబరులో ఆ ఆయుధము తిరిగి జకార్తానే వెదకికొనుచు పోయినది: ప్రపంచ జిమ్నాస్టిక్స్ పోటీలకు ఇజ్రాయేలు జట్టుకు ఇండోనేషియా వీసాలు నిరాకరింపగా, హామీ లభించువఱకు ఆ దేశముతో ఆతిథ్యపు మాటలు మాటలాడబోమని ఒలింపిక్ సంఘము తేల్చిచెప్పెను. ఇంతకు రెండేండ్ల ముందే ఇజ్రాయేలు జట్టు రాకను బాలి గవర్నరు వ్యతిరేకింపగా, ఇరువదియేండ్ల లోపువారి ప్రపంచ పాదకందుక పోటీలు ఇండోనేషియా చేయిజారి అర్జెంటీనాకు పోయియుండెను. అరువది మూడేండ్లలో అధ్యక్షులు మారిరి, రాజ్యపు తీరు మారెను. గాజాలో జరిగిన సంహారముపై ఇండోనేషియా ప్రజల ఆవేదన నిజమైనదనుటయు సత్యమే. కాని ఈ మారు జకార్తా ఒక మెట్టు పైకెక్కినదని నా మనవి: పత్రములను దారిలో మాయము చేయక, ఇయ్యము అని బహిరంగముగా పలికి, దాని మూల్యమును భరించుటకు సిద్ధపడినది.

2030 కామన్వెల్తు క్రీడలు ఇప్పుడు అహమ్మదాబాదునకు వచ్చినవి. 2036 ఒలింపిక్ క్రీడలకును భారతదేశము ప్రయత్నించుచున్నది. ద్వైపాక్షిక పోటీలు పాకిస్తానుతో జరుపకున్నను, బహుదేశీయ క్రీడలకు ఆ దేశపు ఆటగాండ్రను రానిత్తుమని 2025 ఆగస్టులో మన క్రీడామంత్రిత్వ శాఖ ప్రకటించినది. పాకిస్తాను కామన్వెల్తులోనిదే గనుక అహమ్మదాబాదులో ఆ మాట పరీక్షకు నిలుచును. వెలుపలి వాకిలికి ఇట్లు ఒక వ్రాతయైనను దొరకినది. లోపలి వాకిలికి అట్టి వ్రాత నేను చూడలేదు. క్రీడలకొఱకు ఖాళీచేయింపబడు బస్తీలవారికి ఎక్కడ, ఏ గడువులోగా ఇండ్లిత్తురో, 1982 తీర్పు చెప్పిన కనీసవేతనము కంట్రాక్టరు చేతిలోనుండి కూలి చేతికి పూర్తిగా చేరినదని ఎవరు తనిఖీ చేయుదురో, వీసా హామీవలెనే ఆతిథ్యపు ఒప్పందములో వ్రాయించుట సాధ్యమే. ఆ పని మేస్త్రీలు పునాదులు త్రవ్వక ముందే కావలెను.